సమానంగా అరిగే చెప్పు

ములుగు రోడ్డు టైర్ల చాచా మొన్న శుక్రవారం పొద్దున పోయాడు. నేను మిల్లు లారీ కింద పడుకుని గ్రీజు కొడుతుంటే, పక్క మిల్లు డ్రైవరు వంగి, "అన్నా, మీ చాచా పోయిండట గదా!" అన్నాడు. ఆ 'మీ' అన్న మాట నా ఒంటికి పట్టలేదు. ఆరేళ్లుగా నేను ఆ దుకాణం మెట్టెక్కలేదు. ఆ దారిన పోవలసి వస్తే ఊరంతా చుట్టు తిరిగైనా పోయేవాణ్ని గానీ ఆయన ముందు నుంచి పోలేదు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటుంటే ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నాకు చెప్పవలసిన ఒక్క మాట చెప్పకుండానే పోయాడే ఈ ముసలాయన అనుకున్నాను.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, మంచి చాలానే ఉంది. ఆయన నన్ను మోసం చేసిన సంగతి కూడా చెబుతాను. అది దాచి మిగతాది చెబితే ఆయనకే నచ్చదు. టైరుకు పైన నల్లరంగు పూసి అమ్మేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట.

మొదటిసారి ఆ దుకాణానికి పోయినప్పుడు నేను ఒక సేటు లారీ మీద జీతం డ్రైవర్ని. కొత్త టైర్లకు పేరు రాయించుకుని నెలల తరబడి ఎదురుచూసే కాలం అది. పాత టైరు మీద కొత్త రబ్బరు వేసిన రీసోల్ టైర్లే మా అందరికీ దిక్కు. దుకాణం అంటే ముందు ఒక రేకుల పందిరి, పంచరు చూసే నీళ్ల తొట్టి, ఒక పొడుగాటి బల్ల, అంతే. బల్ల మీద తెల్లగడ్డం పెద్దమనిషి చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటున్నాడు. వెనక రెండు టైర్లు కావాలన్నాను.

"చెప్పు తిరగెయ్," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. బండి చెప్పలేదు, సైజు చెప్పలేదు.

"కుడికాలి చెప్పు బేటా. తీసి తిరగేసి సూపియ్."

తీసి ఇచ్చాను. అద్దాలు ముక్కు మీదికి జరుపుకుని, బొటనవేలితో అట్ట అంతా నిమిరి చూశాడు. మడమ దగ్గర, వేళ్ల దగ్గర, అంచుల దగ్గర. తర్వాత నా ముఖం చూశాడు. "సమానంగ అరుగుతాంది. నీ అసొంటోనికి ఏ టైరిచ్చినా ఏండ్లు వస్తది," అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఇంటికి పోయి నా భార్యకు చెప్పాను. ఆమె నా చెప్పు తిరగేసి చూసి, "మరి మొన్న బురదల జారి పడ్డదెవరు?" అంది.

ఆయన పద్ధతే అది. వచ్చిన ప్రతి డ్రైవరు చెప్పూ తిరగేసి చూసేవాడు. మడమ అరిగితే వాడు బ్రేకు మీద బతికేవాడు. వేళ్ల కింద అరిగితే ఎక్కువ తొక్కేవాడు. ఒక పక్కకే అరిగితే వాడికి నడుమునొప్పి అయినా ఉంటుంది, గర్వమైనా ఉంటుంది అనేవాడు. నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు, కానీ ఆయన చెప్పిన టైరే తీసుకుపోయేవాళ్లు. "టైరునేం జూస్తవ్? తొవ్వను జూడు, తొక్కెటోన్ని జూడు," అన్నది ఆయన మాట. ఇప్పటికీ నా నోట అదే వస్తుంది. వద్దనుకున్నా వస్తుంది.

టైరు ఎంచుకోవడం నాకు నేర్పింది ఆయనే. గోరు గుచ్చి చూడమనేవాడు, గోరు దిగకుండా గట్టిపడిన రబ్బరు పాతబడ్డట్టు. పక్క గోడను వంచి చూడమనేవాడు, సన్నపగుళ్లు అప్పుడే కనబడతాయి. రీసోల్ టైరును సుత్తితో కొట్టి వినమనేవాడు, లోపల పట్టు వదిలితే పగిలిన కుండలా పలుకుతుంది. బురద దారికి ఎత్తుపండ్ల టైరు కావాలి. ఆ పండ్లు మట్టిని కరిచి పట్టుకుంటాయి. అదే టైరును తారురోడ్డు మీద ఉరికిస్తే ఒక్క ఏడాదికే పండ్లన్నీ అరిగి బోసినోరు అవుతుంది. సాదా గీతల టైరు తారు మీద ఏళ్లకేళ్లు వస్తుంది గానీ బురదలో దిగితే దానికి దేవుడే దిక్కు. "రెండు పనులకు ఒక్క టైరు లేదు బేటా. ఉన్నదన్నోడు అమ్మెటోడు," అనేవాడు.

ఎనిమిదేళ్లు అట్లా గడిచాయి. రంజాను నాడు నేను ఆయన ఇంట్లో షీర్ కుర్మా తాగకుండా రాలేదు. నా భార్య చేసిన సకినాలను ఆయన చాయ్‌లో నానబెట్టుకుని, ఉన్న నాలుగు పళ్లతో గంటసేపు తినేవాడు. ఒక సర్కారు ఆఫీసు వేలంలో పాత జీపు పికప్పు కొనుక్కుందామని నేను పోయిన రోజున ఆయన దుకాణం మూసి నా వెంట వచ్చాడు. మిగతావాళ్లు బానెట్ ఎత్తి ఇంజను చూస్తుంటే ఆయన నేల మీద కూర్చుని చక్రాలు చూశాడు. "అందరు దాని కడుపు జూస్తున్నరు. నేను కాళ్లు జూస్త," అన్నాడు. ఆ బండి నాది అయినప్పుడు నా కంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు. జీతం డ్రైవరు సొంత బండి వాడు కావడమంటే మాలో చిన్న సంగతి కాదు.

సొంత బండి కొనడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఒక ఎత్తు. మూడో ఏట ఒక ఎరువుల సేటు పిలిచి, వానాకాలమంతా పాలంపేట అవతలి ఊళ్లకు యూరియా బస్తాలు తోలమన్నాడు. అక్కడి దార్లు నల్లమట్టి. వాన పడితే లారీ పోదు, పికప్పు ఒక్కటే పోతుంది. ఈ ఏడు సరిగా తోలితే ఏటా నీకే అన్నాడు. ఆ పని దొరికితే బండి నాతో ఉంటుంది. లేకపోతే అమ్ముకుని మళ్లీ ఇంకొకరి స్టీరింగు పట్టుకోవాలి. ఈ లెక్క నాకు తెలుసు, నా భార్యకు తెలుసు, చాచాకు తెలుసు.

ఎండాకాలంలోనే చెప్పిపెట్టాను. మిలిట్రీ వాళ్లు తీసేసిన ఎత్తుపండ్ల టైర్లు అప్పుడప్పుడు హైదరాబాదు నుంచి చాచాకు వచ్చేవి. బురదలో వాటికి సాటి లేదు. "వచ్చినయంటె ముందుగాల నీకే," అన్నాడు. ఆ మాట ఎదమీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నాడు. వానలు మొదలయ్యాయి. నేను రెండు రోజులకోసారి పోయి అడిగాను. చివరికి ఒకరోజు, "రాలే బేటా. ఇగ ఈ యేడు రావు. గివి ఏస్కపో, ఏండ్లు వస్తయ్," అని నాలుగు గీతల టైర్లు బిగించి, వాడుక ప్రకారం ఒక్కోదాని మీద గాలి నింపే గాలిపుల్ల పక్కన తెల్లరంగు చుక్క పెట్టాడు. ఆయన బిగించిన టైరుకు ఆ చుక్కే గుర్తు. ఎప్పుడూ నా ముఖం చూసి మాట్లాడే మనిషి ఆ రోజు టైరు చూసి మాట్లాడాడు. అది నాకు తర్వాత గుర్తొచ్చింది.

రెండో రోజే పాలంపేట దాటిన తర్వాత పొలాల మధ్య బండి దిగబడింది. ముందుకు తొక్కితే కిందికి పోతుంది, వెనక్కి తొక్కినా కిందికే పోతుంది. చక్రాలు గిర్రున తిరిగి నున్నగా బురద పూసుకుని కూర్చున్నాయి. వాన కురుస్తోంది. బరువు తగ్గిద్దామని బస్తాలు దింపుతుంటే కొక్కేలకు నాలుగైదు చినిగాయి, మిగతావి గట్టు మీద నీళ్లలో నానాయి. యూరియా చక్కెర లాంటిది, తడి తగిలిందా కరిగిందే. నా కళ్ల ముందే బస్తాలు మెత్తబడి చప్పబడి పక్క మడిలోకి తెల్లగా జారిపోయాయి. ఆ ఏడు ఆ మడి అంత ఏపుగా ఎందుకు వచ్చిందో ఆ రైతుకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలుసు.

అప్పుడే వెనక నుంచి ఇంకో పికప్పు వచ్చింది. రఘునాథపల్లి డ్రైవరుది. పాతికేళ్లుంటాయేమో, బండిని గుర్రంలా తోలేవాడు. వెనక నాట్లకు పోయే ఆడవాళ్లు ఇరవై మంది నిలబడి ఉన్నారు. నా పక్క నుంచే గట్టు ఒరుసుకుంటూ, ఒక్కసారి కూడా జారకుండా ఎక్కిపోయాడు. ఒకామె నన్ను చూసి, "ఏందే అన్నా, బండిని నాటేస్తున్నవా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వేవాణ్నే. కానీ నా కళ్లు ఆ టైర్ల మీద పడ్డాయి. ఎత్తుపండ్ల మిలిట్రీ టైర్లు, నాలుగుకు నాలుగు. గాలిపుల్ల పక్కన తెల్లచుక్క.

తర్వాత ఎడ్లను కట్టి నా బండి లాగారు. చైను జారి వెనక కుడి టైరు కింద పడి, రబ్బరును నెలవంక ఆకారంలో లోపలి దారం దాకా కొరికేసింది. మర్నాడే సేటు ఆ పని రఘునాథపల్లి డ్రైవరుకు ఇచ్చాడు. పొద్దున ఆడవాళ్లను దింపి, తర్వాత బస్తాలు తోలేటట్టు మాట్లాడుకున్నారు.

నేను ఆ కొరికిన టైరు విప్పి భుజాన వేసుకుని చాచా దగ్గరికి పోయాను. బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"మిలిట్రీ టైర్లు వచ్చినయా చాచా?"

సాసరు కింద పెట్టాడు. "వచ్చినయ్. నాలుగే."

"మరి రాలేదంటివి?"

"అబద్ధమాడిన."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. కొట్టుకుందామని పోయినవాడికి ఎదుటివాడు చేతులు దించితే ఎట్లా ఉంటుందో అట్లా అయింది. "వాడు నీకేమైతడు? నిన్నగాక మొన్న అచ్చినోడు. నేను ఎనిమిదేండ్ల సంది నీ గడపల ఉన్న," అన్నాను.

"ఏం గాడు. మాట మర్యాద గూడ లేదు వానికి," అన్నాడు. "వాని చెప్పు జూసిన బేటా. మడిమె లేదు. వేళ్ల కాడ తూటువడ్డది. వాని బండికి గుండు టైర్లున్నయ్, గవ్విటితోనే ఇరవై మంది ఆడోళ్లను ఎక్కిచ్చుకొని గట్ల మీద తోల్తాండు. నీ బండిల బస్తాలున్నయ్. నువ్వు దిగవడితె ఆగుతవ్. వాడు ఆగడు."

"మరి నాకు చెప్పద్దా?"

"చెప్తె ఇయ్యనిస్తుంటివా?"

ఆ ప్రశ్నకు జవాబు ఆరేళ్లుగా వెతుకుతున్నాను. ఇయ్యనిచ్చేవాణ్నేమో. 'ఇరవై మంది ప్రాణాలు చాచా, వానికే ఇయ్యి' అనేవాణ్నేమో. అననేమో కూడా. అది తేల్చుకునే అవకాశం నాకు లేకుండా చేశాడు. నా బతుకు తీసుకుపోయి ఇంకొకరికి ఇస్తే ఇచ్చాడు, ఇచ్చిన పేరైనా నాకు మిగల్చలేదు. నా మంచితనాన్ని నన్నడగకుండా ఖర్చుపెట్టాడు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అవుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

"నీ టైరు నువ్వే ఉంచుకో," అని దాన్ని ఆయన కాళ్ల దగ్గర పడేసి వచ్చాను. ఆయన వంగి, ఆ నెలవంక గాటు మీద బొటనవేలు పెట్టి నిమరడం వెళ్తూ వెళ్తూ చూశాను. ఆయన్ని చూడడం అదే ఆఖరు.

దసరాకు బండి అమ్మేశాను. అప్పటి నుంచి మిల్లు లారీ మీద జీతానికి ఉన్నాను. బండి కొన్నాయన ఇప్పటికీ ఎక్కడన్నా ఎదురుపడితే, "నీ మూడు టైర్లు ఇంక నడుస్తున్నయే, ఏం టైర్లయ్య అవి!" అంటాడు. ఏండ్లు వస్తయ్ అన్నాడు కదా చాచా, ఆ ఒక్కటి మాత్రం నిజం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఏటా రంజానుకు ఎవరో ఒకరి చేత షీర్ కుర్మా టిఫిను పంపేవాడు. మాలో ఒక ఇంటి నుంచి వచ్చిన గిన్నెను వట్టిగా తిప్పి పంపరు. చిటికెడు చక్కెరైనా వేసి పంపుతారు. నేను కావాలని వట్టి టిఫినే పంపమన్నాను. కడిగి, తుడిచి, వట్టిది. మా ఆవిడ ఏదో అనబోతే కసిరాను. ఆరేళ్లలో ఆరుసార్లు.

శుక్రవారం మధ్యాహ్నం పోయాను. పోనని పొద్దున అనుకున్నాను, కాళ్లు పోయాయి. దుకాణం వెనకే ఇల్లు. జనం నిండిపోయారు, సగం మంది డ్రైవర్లే. చాచీ నన్ను చూసి ముసుగు సర్దుకుని, "అచ్చినవా బిడ్డా. నీ ఇంటామె పంపిన సకినాలు ఇంక డబ్బాల ఉన్నయ్. రోజుకొక్కటి తినెటోడు," అని ఏడ్చింది. అంటే నా ఇంట్లో కూడా నన్నడగకుండానే నా మంచితనం ఖర్చవుతూ వచ్చిందన్నమాట. ఆరేళ్లుగా ఆ టిఫిన్లు వట్టిగా పోలేదు.

రఘునాథపల్లి డ్రైవరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కాస్త ఒళ్లు చేశాడు. పక్కకు పోయి నిలబడి అడిగాను, ఆ మిలిట్రీ టైర్లు ఎన్నాళ్లు వచ్చాయని.

"ఒక్క వానకాలమే అన్నా. తారు మీద గూడ ఉరికిచ్చిన గదా, పండ్లన్ని రాలినయ్. చాచా మస్తు తిట్టిండు."

"ఆ యేడు... ఆడోళ్లకు ఎవరికన్న ఏమన్న అయిందా?"

"ఏం గాలే," అన్నాడు. నేనెందుకు అడిగానో అతనికి తెలియలేదు. ఆ టైర్లు ఎవరి నోటి దగ్గరివో కూడా అతనికి తెలియదు. చాచా చెప్పలేదు. నాకు చెప్పలేదు, వాడికీ చెప్పలేదు.

ఏం కాలేదు అన్న మాట పట్టుకుని నేనేం చేసుకోను? టైర్ల వల్ల ఏం కాలేదా, ఎట్లాగైనా ఏం కాకపోయేదా? జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఆ ఒక్కటీ చాచా నోట వినాలని ఉండేది. నువ్విచ్చినవి బిడ్డా, నీ వల్లనే అని ఒక్క మాట. అది ఇంక ఎవరూ అనరు.

లోపల ఆయనకు స్నానం చేయిస్తున్నారు. నేను బయట నీళ్ల నల్ల దగ్గరికి వచ్చాను. చాచీ వెనకే వచ్చి చెంబు నింపుకుంటూ, అడగకుండానే చెప్పింది. "పొద్దుగాల గీ నల్ల కాడికచ్చిండు. మొఖం కడుక్కున్నడు. పోయి మంచంల కూసున్నడు. గంతే బిడ్డా."

గడప నుంచి నల్ల దాకా పదడుగుల మెత్తటి మట్టి. అక్కడక్కడ వచ్చిపోయినవాళ్లు తొక్కారు గానీ గోడ వారగా ఆయన అడుగులు అట్లాగే ఉన్నాయి. పోయిన అడుగులు, వచ్చిన అడుగులు. ఆయన ఎప్పుడూ టైరు రబ్బరు చెప్పులే తొడిగేవాడు, పాత టైరు నుంచి తనే కోసుకునేవాడు. మట్టిలో ఆ టైరు గీతలు అచ్చు గుద్దినట్టున్నాయి. సాదా గీతలు, నాలుగు వరసలు. ఆ గీతలు నాకు తెలుసు. నేను వంగాను. కుడి అడుగులో, మడమకు కొంచెం పైన, నెలవంక.

పోయిన అడుగులోనూ ఉంది, వచ్చిన అడుగులోనూ ఉంది.

"గవే చెప్పులు ఆరేండ్ల సంది," అంది చాచీ నేను చూస్తున్నది చూసి. "గాటున్న రబ్బరు, కాలికి ఒత్తుకుంటది, వేరే కోసుకో అంటె ఇనకపోయె. గదే ఉండాలె అనెటోడు. ఎందుకో చెప్పకపోయె."

గడప పక్కన ఆ చెప్పులు జతగా ఉన్నాయి. కుడిదాన్ని తీసి తిరగేశాను. ఇన్నేళ్లలో అందరి చెప్పులూ ఆయన తిరగేశాడు గానీ ఆయన చెప్పు ఎవరూ తిరగేసి చూడలేదు. గాటు అంచులు అరిగి నున్నబడ్డాయి. మిగతాది సమానంగా లేదు. ఆ గాటు ఉన్న పక్కకు కాలు ఆనకుండా నడిచి నడిచి, రెండో పక్క పూర్తిగా పోయింది.

నేను ఆయన్ని క్షమించానని రాయలేను. రాస్తే అబద్ధమవుతుంది, మా మధ్య ఒక అబద్ధం చాలు. ఆ చెప్పును ఉన్నచోట ఉన్నట్టే పెట్టాను.

చినుకులు మొదలయ్యాయి. జనాజా లేపుతున్నాం, రండి అని పిలిచారు. అందరూ ఆ మట్టిలో నుంచే పోవాలి. గోడ పక్కన ఒక ఇనుప తసల బోర్లించి ఉంది, పంచరు నీళ్లు తెచ్చుకునేది. నేను దాన్ని తీసి ఆ కుడి అడుగు మీద, నెలవంక ఉన్న అడుగు మీద బోర్లించాను. ఎందుకో నన్నడగకండి. తర్వాత పోయి, రఘునాథపల్లి డ్రైవరు ఒక పక్క పట్టిన జనాజాకు రెండో పక్క భుజం పెట్టాను. మేము వీధి మలుపు తిరిగేదాకా, తసల మీద వాన టకటకమని పడడం వినబడుతూనే ఉంది.